యూనిఫాం విప్పాక మధ్యలో జారిపోకుండా

కెనడా సైన్యంలో చేరాలంటే ఒకప్పుడు మామూలుగా పౌరసత్వం ఉండాల్సి వచ్చేది. 2022 నవంబర్‌లో పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లకూ దారి తెరిచారు. బ్రాంప్టన్‌లోనో ఎడ్మంటన్‌లోనో పెరిగిన మన పిల్లలు రిక్రూటింగ్ సెంటర్‌కి వెళ్లి వివరాలు కనుక్కోవడం ఇక వింతేమీ కాదు. ఇంట్లో సైనికుడు లేకపోయినా, మాజీ సైనికులతో కలిసి పనిచేసే తెలుగువాళ్లు ఆసుపత్రి వార్డుల్లో, ప్రభుత్వ ఐటీ విభాగాల్లో, వేర్‌హౌసుల్లో, ట్రక్కు డిపోల్లో ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం లాంటి సైనికుల ఊళ్లలో పుట్టినవాళ్లకి సైనికుడి ఇల్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పెన్షన్, క్యాంటీన్ సరుకులు, గోడమీద యూనిఫాంలో ఫోటో, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చునే తాతయ్య. వీటిలో చివరిదాని గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు.

కెనడాలో దాని గురించి మాట్లాడటానికి చోటుంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. చిక్కు కూడా అక్కడే వస్తుంది. సైన్యం ఆసుపత్రిది ఒక దారి, వెటరన్స్ అఫైర్స్ శాఖది ఇంకో దారి, ప్రావిన్సు ఆరోగ్య శాఖది మరో దారి, కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌ది వేరే దారి. ఎవరి పని వాళ్లు చేస్తారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే ఆ మధ్యకాలాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ వ్యాసం ఆ మధ్యకాలాల గురించి: సైన్యం వదిలి వచ్చినవాళ్లకి, వాళ్ల ఇంటివాళ్లకి, పక్క సీట్లో కూర్చునేవాళ్లకి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే

1994లో రువాండాలో ఐక్యరాజ్యసమితి దళానికి నాయకత్వం వహించిన జనరల్ రోమియో డలైర్, కళ్లముందు జరిగిన నరమేధాన్ని ఆపలేకపోయిన బాధతో తిరిగొచ్చారు. పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తర్వాత మనసులో మిగిలిపోయే గాయం) కారణంగా 2000లో సైన్యం నుంచి వైద్యకారణాలపై విడుదలయ్యారు. తన పరిస్థితిని ఆయన దాచుకోకుండా చెప్పారు. అంత పెద్ద అధికారే ఆ మాట అన్నాక సిపాయికీ కొంత ధైర్యం వచ్చింది. రువాండాలోనే పనిచేసిన స్టెఫాన్ గ్రెనియే అనే మరో అధికారి 2001లో ఒక పథకం మొదలుపెట్టారు. గాయపడి కోలుకున్న సైనికుడే మరో సైనికుడికి తోడు నిలవడం దాని పద్ధతి. దాన్ని అందరూ 'ఓసిస్' అంటారు. ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత అఫ్గానిస్తాన్. 2001 నుంచి 2014 వరకు 40,000 మందికి పైగా కెనడా సైనికులు అక్కడికి వెళ్లారు. 158 మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎందరో ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. రెండో ఉద్యోగంలో, మూడో ఉద్యోగంలో మన పక్కనే పనిచేస్తున్నారు.

వాళ్లలో లియోనెల్ డెస్మండ్ ఒకరు. 2007లో అఫ్గానిస్తాన్‌లో పనిచేసి, పీటీఎస్‌డీ బారినపడి, 2015లో సైన్యం నుంచి బయటికి వచ్చారు. 2016లో మాంట్రియల్‌లోని ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నారు. ఆగస్టులో నోవా స్కోషియాలోని ఇంటికి వచ్చాక నాలుగు నెలలకు పైగా ఆయనకి క్రమంగా సాగే థెరపీ ఏదీ అందలేదు. 2017 జనవరి 3న భార్యని, పదేళ్ల కూతుర్ని, తల్లిని కాల్చి తనూ ప్రాణం తీసుకున్నారు. ఆ ఘటనపై జరిగిన విచారణ నివేదిక 2024 జనవరిలో వెలువడింది. సైన్యం దగ్గరున్న ఆయన వైద్య రికార్డులు ప్రావిన్సు ఆసుపత్రి డాక్టర్లకు అందుబాటులో లేవన్న సంగతి ఆ విచారణలో బయటపడింది. డాక్టర్లున్నారు, కేస్ మేనేజర్ ఉన్నారు, క్లినిక్ ఉంది. ఒకరి నుంచి మరొకరికి అప్పజెప్పాల్సిన చోటే దారం తెగింది.

పీటీఎస్‌డీ ఉన్నవాళ్లంతా ప్రమాదకరమైన మనుషులని దీనికి అర్థం కాదు. వాళ్లలో చాలామంది ఎవరికీ హాని చేయరు, తమలో తామే నలిగిపోతారు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఆ అప్పగింతల సంగతి. ఒక నియమం పెట్టుకోండి: తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ, చూడబోయే మనిషి పేరు కాగితం మీద చేతికి రానిదే ఏ ఆసుపత్రి నుంచీ, ఏ ఆఫీసు నుంచీ బయటికి రాకండి.

రిలీజ్‌కి ముందే

సైన్యంలో ఉన్నంతకాలం పూర్తికాల సైనికుడికి ప్రావిన్సు హెల్త్ కార్డు ఉండదు. వైద్యమంతా సైన్యమే చూసుకుంటుంది. భార్యాపిల్లలు మాత్రం మొదటి నుంచీ ప్రావిన్సు కార్డు మీదే ఉంటారు. అంటే రిలీజ్ రోజున ఆ మనిషికి డాక్టరు, మందుల చీటీ, కౌన్సెలర్ ఒక్కసారిగా మారిపోతారు. ఫ్యామిలీ డాక్టర్ దొరకడం ఈ దేశంలో ఎంత కష్టమో మీకు తెలిసిందే. కాబట్టి ఆఖరి నెలలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

హెల్త్ కార్డు దరఖాస్తు ముందే సిద్ధం చేసుకోండి. సైన్యం వైద్య ఫైలు నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. కొత్త డాక్టరు దొరికేలోపు మందులు అయిపోకుండా ఎక్కువ రోజులకి రాయించుకోండి. సైన్యం వదిలే ప్రతి ఒక్కరికీ వెటరన్స్ అఫైర్స్ శాఖ 'ట్రాన్సిషన్ ఇంటర్వ్యూ' ఇస్తుంది. దానికి జీవితభాగస్వామి కూడా వెళ్లొచ్చు. తప్పకుండా వెళ్లండి. ఆయన "అంతా బాగానే ఉంది" అని తేల్చేస్తే, రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదని చెప్పేది మీరే.

ఏ తలుపు ఎప్పుడు తట్టాలి

అన్నిటికంటే తేలిగ్గా తెరుచుకునేది వెటరన్స్ అఫైర్స్ సహాయ ఫోన్ లైను: 1-800-268-7708. రోజులో ఏ వేళైనా మనిషి పలుకుతారు. మాజీ సైనికులు, మాజీ ఆర్‌సీఎంపీ సిబ్బంది, వాళ్ల కుటుంబసభ్యులు, చూసుకునేవాళ్లు ఎవరైనా చేయొచ్చు. ఒక్కో సమస్యకి 20 సిట్టింగుల వరకు కౌన్సెలింగ్ ఉచితం. శాఖలో ఫైలు ఉండాల్సిన పని లేదు, క్లెయిమ్ మంజూరై ఉండాల్సిన పని లేదు. ప్రమాదం ముంచుకొచ్చేదాకా ఆగకండి. నిద్ర చెడినప్పుడే, అయినదానికీ కానిదానికీ ఇంట్లో గొంతు లేస్తున్నప్పుడే చేయండి.

రెండోది ఓసిస్. ఇది చికిత్స కాదు, తోడు. అవతల కూర్చునేది ఇదే దారిలో నడిచి వచ్చిన మాజీ సైనికుడు. కుటుంబసభ్యులకి కుటుంబసభ్యులే తోడుంటారు. మనసు డాక్టరంటే బెదిరేవాళ్లు మొదట ఇక్కడ నోరు విప్పుతారు. ఆప్తుల్ని పోగొట్టుకున్న ఇళ్లకి వేరే విభాగం కూడా ఉంది.

మూడోది ఓఎస్‌ఐ క్లినిక్‌లు. యుద్ధరంగంలో, విధి నిర్వహణలో మనసుకి తగిలిన గాయాలకి ప్రత్యేకంగా పెట్టిన వైద్యశాలలు ఇవి. వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్, విన్నిపెగ్, ఒంటారియోలోని లండన్, ఆటవా, మాంట్రియల్, ఫ్రెడెరిక్టన్ లాంటి నగరాల్లో ఉన్నాయి. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, నర్సు, సోషల్ వర్కరు ఒకేచోట దొరుకుతారు. నేరుగా వెళ్లి చీటీ రాయించుకునే పద్ధతి లేదు. వెటరన్స్ అఫైర్స్, సైన్యం లేదా ఆర్‌సీఎంపీ రిఫరల్ కావాలి. దూరాన ఉండేవాళ్లు వీడియో ద్వారా చూస్తారా అని అడగండి.

వెటరన్స్ అఫైర్స్ శాఖ నంబరు 1-866-522-2122. నంబరు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ఫోన్ చేసిన తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, "ఫలానా రోజులోగా చెబుతాం" అన్న మాట ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ రోజు దాటితే మళ్లీ మీరే చేయండి.

క్లెయిమ్ కాగితాలు

మనసు గాయానికి పరిహారం అడగడం పరువుతక్కువని మనవాళ్లలో ఒక భావం ఉంది. దేశం కోసం పనిచేస్తూ చెయ్యి విరిగితే అడగరా? ఇదీ అంతే. రిలీజై ఎన్నేళ్లయినా దరఖాస్తు చేయొచ్చు, గడువు లేదు.

2022 ఏప్రిల్ నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. పీటీఎస్‌డీ, డిప్రెషన్, ఆందోళన లాంటి వాటికి వైకల్య పరిహారం దరఖాస్తు పెట్టగానే, నిర్ణయం కోసం ఆగకుండా, చికిత్స ఖర్చు రెండేళ్ల వరకు శాఖ భరిస్తుంది. దరఖాస్తు మీద నిర్ణయానికి శాఖ పెట్టుకున్న లక్ష్యం 16 వారాలు. అంతకంటే ఎక్కువ పట్టిన కేసులు బోలెడు. అందుకే కాగితాలన్నీ కుదిరాక పెడదామని కూర్చోవద్దు. ముందు దరఖాస్తు పెట్టి చికిత్స మొదలుపెట్టండి.

ఫారాలు నింపడానికి రాయల్ కెనడియన్ లీజియన్ సర్వీస్ ఆఫీసర్లు ఉచితంగా సాయం చేస్తారు. లీజియన్‌లో సభ్యత్వం అక్కర్లేదు. దరఖాస్తు తిరస్కరిస్తే అంతటితో ఊరుకోకండి. శాఖలోనే బ్యూరో ఆఫ్ పెన్షన్స్ అడ్వకేట్స్ అనే విభాగం ఉంది. అక్కడి లాయర్లు ఫీజు లేకుండా రివ్యూ బోర్డు ముందు మీ తరఫున వాదిస్తారు. డబ్బులు తీసుకుని క్లెయిమ్ ఇప్పిస్తామనే బయటి ఏజెంట్ల జోలికి పోయే ముందు ఈ రెండు చోట్లా అడగండి.

దరఖాస్తులో ఒక సూచన. "నాకు బాధగా ఉంటుంది" అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. "వారంలో నాలుగు రాత్రులు మూడు గంటలకే మెలకువ వస్తుంది, రద్దీగా ఉంటే వాల్‌మార్ట్‌లోకి వెళ్లలేను, పాప ఆటల పోటీకి రెండేళ్లుగా పోలేదు" అని రాయండి. రోజువారీ బతుకులో ఏది కుంటుపడిందో అదే ముఖ్యం.

ఇంటివాళ్లు తమ కోసం

ఇక్కడ ఒక లొసుగుంది, ముందే తెలిసి ఉండాలి. శాఖ ద్వారా వచ్చే చికిత్సలో కుటుంబానికి చోటు దక్కేది చాలావరకు సైనికుడి చికిత్సలో భాగంగానే. ఆయన చికిత్సకి పోనంటే భార్యకీ పిల్లలకీ ఆ దారి మూసుకుపోవచ్చు. కుటుంబసభ్యులకి తమ సొంత హక్కుగా చికిత్స ఇవ్వాలని మాజీ సైనికుల ఫిర్యాదులు చూసే వెటరన్స్ ఆంబుడ్ కార్యాలయం 2021లోనే సిఫారసు చేసింది. అది అయ్యేలోపు, ఆయన ఒప్పుకోవడంతో పనిలేని తలుపుల్ని పట్టుకోండి: పైన చెప్పిన 20 సిట్టింగుల లైను, ఓసిస్ కుటుంబ విభాగం, సైనిక కుటుంబ వనరుల కేంద్రాలు. ఈ కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి. వైద్యకారణాలపై విడుదలైనవాళ్ల కుటుంబాలకి కూడా 2018 ఏప్రిల్ నుంచి ఇవి తెరిచారు. దగ్గర్లోది ఏదో 1-800-866-4546లో చెబుతారు. సైనికుడికి నిత్యం సాయం చేసే మనిషికి నెలనెలా పన్నులేని భృతి ఒకటి ఉంది. షరతులు గట్టివి, అందరికీ రాదు. అయినా అడగడంలో నష్టం లేదు.

భార్యాభర్తలు కలిసి వెళ్లగలిగితే వూండెడ్ వారియర్స్ కెనడా సంస్థ జంటల కోసం నడిపే శిబిరాల గురించి కనుక్కోండి. ఆటవాలోని అట్లస్ ఇన్‌స్టిట్యూట్ కుటుంబాల కోసమే రాసిన సమాచారం ఉచితంగా ఇస్తుంది. పిల్లలకి వాళ్ల వయసుకి తగినట్టు ఎలా చెప్పాలో కూడా అందులో ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో కోణం ఉంటుంది. సూపర్ వీసా మీద అత్తామామలు వచ్చి నెలల తరబడి ఉంటారు. అల్లుడు ముభావంగా ఉంటే తమమీద కోపమనుకుంటారు. కొడుకు ఆలస్యంగా లేస్తే బద్ధకమనుకుంటారు. జబ్బు పేరు, కథంతా చెప్పక్కర్లేదు. "అత్తయ్యా, ఆయనకి నిద్ర సరిగ్గా పట్టదు, మందులు వాడుతున్నారు. వెనకనుంచి వచ్చి భుజం తట్టకండి, ఎదురుగా వచ్చి పిలవండి. గదిలోకి వెళ్లిపోతే కాసేపు వదిలేయండి, మీమీద కోపం కాదు" అంటే చాలు. ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి. ఆయన్ని ముందే అడిగి, ఎంతవరకు చెప్పొచ్చో తేల్చుకుని చెప్పండి.

కొత్త ఉద్యోగంలో

సైన్యంలో హోదా భుజం మీద కనిపిస్తుంది, పని ఆదేశంగా వస్తుంది, పక్కవాడు ప్రాణం అడ్డేస్తాడు. బయట ఆఫీసులో ఇవేవీ ఉండవు. వెటరన్స్ అఫైర్స్ 2016లో చేసిన సర్వేలో సుమారు మూడో వంతు మంది పౌరజీవితంలో సర్దుకోవడం కష్టమైందని చెప్పారు. కాబట్టి మొదటి ఉద్యోగం కుదరకపోతే మీలో లోపమని అనుకోకండి.

డబ్బు వైపు చూసుకోవాల్సినవి మూడు. ఆరేళ్లు సర్వీసు చేసినవాళ్లకి 40,000 డాలర్లు, 12 ఏళ్లు చేసినవాళ్లకి 80,000 డాలర్ల వరకు చదువు, శిక్షణ సాయం 2018లో మొదలైంది. తర్వాత ఆ మొత్తాలు ధరలతోపాటు పెరిగాయి. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో పునరావాస పథకంలో ఉన్నవాళ్లకి ఆదాయ భర్తీ పథకం ఉంది. కొత్త ఉద్యోగంలో ఆరోగ్యం చెడితే ఈఐ (ఉపాధి బీమా) సిక్‌నెస్ భృతి 26 వారాల వరకు వస్తుంది. 2022 డిసెంబర్‌కి ముందు అది 15 వారాలే.

ఉద్యోగాల వైపు: ఫెడరల్ ప్రభుత్వంలో, సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుతో వైద్యకారణాలపై విడుదలైనవాళ్లకి నియామకాల్లో అగ్ర ప్రాధాన్యం ఉంది. కనీసం మూడేళ్లు సర్వీసు చేసినవాళ్లు రిలీజయ్యాక ఐదేళ్లపాటు ప్రభుత్వ అంతర్గత పోస్టులకి కూడా పోటీపడొచ్చు. చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకి హెల్మెట్స్ టు హార్డ్‌హ్యాట్స్ సంస్థ నిర్మాణరంగంలో అప్రెంటిస్‌షిప్ దారి చూపిస్తుంది.

జబ్బు సంగతి యజమానికి చెప్పాలా? చెప్పి తీరాలని లేదు. పనిలో సర్దుబాటు కావాలంటే మాత్రం ఏం చేయలేరో చెప్పాలి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. డాక్టరు లేఖలో "రాత్రి షిఫ్టులు వద్దు, ప్రతి గురువారం రెండు గంటలు చికిత్సకి వెళ్లాలి, తలుపు వైపు ముఖం ఉండే సీటు కావాలి" అని ఉంటే సరిపోతుంది. మానవ హక్కుల చట్టాల కింద, భరించలేనంత భారం పడితే తప్ప యజమాని సర్దుబాటు చేయాల్సిందే. నోటిమాటతో వదిలేయకుండా ఈమెయిల్‌లో అడగండి.

మీరు మేనేజరైతే, పక్క సీటులో ఉంటే

"అక్కడ ఎవర్నైనా చంపావా?" అని అడగవద్దు. లంచ్ టేబుల్ దగ్గర సరదాగా అడిగినా అడగవద్దు. "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అని ఊరికే పొగడ్తలు కురిపించడం కూడా కొందరికి ఇబ్బంది. పని గురించి మాట్లాడండి. ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో, ఎవరికి చెప్పాలో స్పష్టంగా చెప్పండి. సగం చెప్పి వదిలేస్తే ఎవరికైనా చిరాకే. ఆదేశాలు సూటిగా వచ్చిన చోటినుంచి వచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ.

సీటు మార్పు, ఫైర్ డ్రిల్, పెద్ద చప్పుడు చేసే మరమ్మతులు ఉంటే ముందు రోజే చెప్పండి. గురువారం చికిత్సకి వెళ్లేవాళ్లకి గురువారమే మీటింగ్ పెట్టకండి. మీకు చెప్పిన విషయం టీమ్‌లో ఇంకొకరికి పొక్కకూడదు. పనితీరు తగ్గితే జబ్బుని ఊహించకుండా, కనిపించినది కనిపించినట్టు చెప్పండి: "గత రెండు వారాల్లో మూడు రిపోర్టులు ఆలస్యమయ్యాయి. నావైపు నుంచి ఏం మారిస్తే మీకు వీలవుతుంది?" కంపెనీ ఉద్యోగుల సహాయ పథకం నంబరు ఇచ్చి ఊరుకోకండి. ఆయన వెటరన్ అని తెలిస్తే 1-800-268-7708 కూడా ఇవ్వండి. మామూలు కంపెనీ పథకంలో వచ్చే సిట్టింగులు తక్కువ.

సెలవు తర్వాత తిరిగొచ్చే రోజు చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సిన అప్పగింత. మొదటి వారం పని ఎంత, ఎవరు చూస్తారు, రెండో వారం మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటారు, ఈ మూడూ ముందే కాగితం మీద పెట్టండి.

ఇరుగుపొరుగుగా కూడా ఒక పని చేయొచ్చు. దీపావళికి, కెనడా డేకి బాణసంచా కాల్చేటప్పుడు వీధిలో మాజీ సైనికులుంటే ఏ రోజు, ఏ వేళకి అన్నది ముందే చెప్పండి. తెలిసి వచ్చే చప్పుడుని చాలామంది తట్టుకోగలరు. ఉలిక్కిపడేలా చేసేది తెలియకుండా వచ్చిందే.

ప్రమాదం దగ్గరపడితే

చనిపోతానని అన్నా, వస్తువులు పంచిపెడుతున్నా, హఠాత్తుగా తాగుడు పెరిగినా, ఇంట్లోవాళ్లకి భయం వేస్తున్నా తర్వాత చూద్దామనుకోకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన కొత్తగా పుడుతుందనేది వట్టి అపోహ. 9-8-8కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. 2023 నవంబర్ నుంచి కెనడా అంతటా రాత్రింబవళ్లు ఇంగ్లీషులో, ఫ్రెంచిలో పనిచేస్తోంది. ప్రాణం మీదికి వచ్చినా, ఎవరైనా కొడతారన్న భయం ఉన్నా 911. ఇంట్లో తుపాకీ ఉంటే, మనసు కుదుటపడేదాకా ఇంటి బయట భద్రంగా ఉంచే ఏర్పాటు చేయండి. ఆందోళనగా ఉంటే ప్రావిన్సు చీఫ్ ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసర్‌కి కుటుంబసభ్యులు చెప్పొచ్చు. భర్త జబ్బుపడ్డాడని భార్య దెబ్బలు ఓర్చుకోవాల్సిన పని లేదు. ఆయనకి చికిత్స, ఆమెకి రక్షణ రెండూ కావాలి.

ఒక్క పేజీ రాసిపెట్టుకోండి

ఈ వారాంతంలో అరగంట కూర్చుని ఒక తెల్లకాగితం నింపండి. హెల్త్ కార్డు నంబరు, వెటరన్స్ అఫైర్స్ ఫైలు నంబరు, కేస్ మేనేజర్ పేరు. వాడుతున్న మందులు, మోతాదు. ప్రస్తుత డాక్టరు, కౌన్సెలరు, వాళ్లని చూడబోయే తర్వాతి తేదీలు. పెట్టిన దరఖాస్తులు, పెట్టిన రోజు. ఏది జరిగితే ఆయనకి ఊపిరాడదో, అప్పుడు ఏం చేస్తే కుదుటపడతారో రెండు వాక్యాలు. చివర ఈ నాలుగు నంబర్లు: 9-8-8, 1-800-268-7708, 1-866-522-2122, 1-800-866-4546. ఆయన అనుమతితో ఒక నకలు ఇంట్లో, ఒకటి నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచండి. ఎమర్జెన్సీకి వెళితే మొదటి నకలు డాక్టరు చేతికివ్వండి. ఆసుపత్రి కంప్యూటర్‌లో సైన్యం రికార్డు కనిపించకపోవచ్చు, ఈ కాగితం మాత్రం కనిపిస్తుంది.

అందులో "తర్వాతి తేదీ" అన్న చోట ఖాళీ ఉంటే, సోమవారం పొద్దున్న మొదటి ఫోన్ దానికోసమే చేయండి.